పదిమందికి ఒకే కీబోర్డు

కర్ణాటక సంగీతం నేర్చుకునేవారు తొలిరోజే కీర్తన అందుకోరు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు... ఇలా నెలల తరబడి సాధన సాగుతుంది. క్రికెట్ ఆటగాడు మాచ్ లేని రోజున నెట్స్‌లో వందల బంతులు ఆడతాడు. ఆ బంతులకు పరుగులు లెక్కించరు, స్కోరుబోర్డు ఉండదు. అయినా వాటి ఫలితం అసలు మాచ్‌లో కనిపిస్తుంది.

ఇప్పుడు మీరు కంప్యూటరు ప్రోగ్రామింగు ఎలా నేర్చుకుంటున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. తరగతిలో పాఠం విన్నారు. లాబ్‌లో రికార్డు చూసి ప్రోగ్రామును టైపు చేశారు. అవుట్‌పుట్ వచ్చింది, సంతకం పడింది. ఆ తరువాత నేరుగా పరీక్షో, ప్రాజెక్టో, ఉద్యోగపు ఇంటర్వ్యూనో! మరి మధ్యలో సాధన ఏదీ? తప్పు చేసినా మార్కులు పోని, తెలియదన్నా ఎవరూ నవ్వని చోటు ఏదీ?

అటువంటి చోటును విద్యార్థులే తయారు చేసుకోవచ్చు. దానికి కావలసినవి ఒక గది, ఒక కంప్యూటరు, పదిమంది మిత్రులు, రెండు గంటల సమయం. ప్రపంచంలో అనేక నగరాల్లో ప్రోగ్రామర్లు ఇలా కలుసుకుని సాధన చేస్తున్నారు. ఆ పద్ధతి ఏమిటో, ఎందుకు పనిచేస్తుందో, మీ ఊళ్లో ఎలా ప్రారంభించవచ్చో చూద్దాం.

గరాజ్ నుంచి దోజో దాకా

కంప్యూటర్ల గురించి తెలుసుకోవడానికి ఒకచోట చేరడం కొత్త అలవాటేమీ కాదు. 1975 మార్చి 5న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మెన్లో పార్క్ అనే ఊళ్లో, గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజనీరు ఇంటి గరాజ్‌లో ముప్పైమందికి పైగా ఔత్సాహికులు సమావేశమయ్యారు. ఆ సమావేశాన్ని ఆయనతో కలిసి ఏర్పాటు చేసినవాడు ఫ్రెడ్ మూర్. అదే తరువాత ‘హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్’ అయింది. ఆనాటి సభ్యుల్లో స్టీవ్ వోజ్నియాక్ ఒకరు. తాను రూపొందించిన కంప్యూటరు సర్క్యూట్ పటాలను ఆయన ఆ క్లబ్‌లో నలుగురికీ పంచిపెట్టాడు. ఆ యంత్రమే 1976లో ‘యాపిల్-1’గా మార్కెట్లోకి వచ్చింది. తెలిసినది దాచుకోకుండా పదిమంది ముందు పెట్టడం, పదిమంది ప్రశ్నలతో దాన్ని మెరుగుపరచుకోవడం ఆ క్లబ్ పద్ధతి.

అయితే అక్కడ జరిగింది ప్రధానంగా సమాచారం పంచుకోవడం. సాధన కోసమే కలవాలన్న ఆలోచన చాలాకాలం తరువాత వచ్చింది. ప్రోగ్రామర్లకు కూడా కరాటే విద్యార్థులకున్నట్లు రోజువారీ అభ్యాసాలు ఉండాలని డేవ్ థామస్ అనే ప్రోగ్రామర్ 2000 దశకం మొదట్లో ప్రతిపాదించాడు. వాటికి ‘కతా’ అని పేరు పెట్టాడు. జపాను భాషలో కతా అంటే ఒక నిర్ణీత క్రమంలో మళ్లీ మళ్లీ చేసే కదలికల వరుస. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రామింగులో సరళీ స్వరాలన్నమాట.

ఆ సాధనను ఒంటరిగా కాక బృందంగా చేయాలని సంకల్పించినవారు పారిస్ నగరంలోని లారెంట్ బోసావిట్, ఎమ్మాన్యుయెల్ గయ్యో. 2004-05 ప్రాంతంలో వారు మొదలుపెట్టిన సమావేశాలకు ‘కోడింగ్ దోజో’ అని పేరు. దోజో అంటే యుద్ధవిద్యలు అభ్యసించే శాల. అక్కడ ఎవరూ ఎవరితోనూ పోటీ పడరు. చిన్న సమస్యను తీసుకుని, అందరూ చూస్తుండగా, మొదటినుంచి ప్రోగ్రాము రాస్తారు. ఈ ఆలోచన అనతికాలంలోనే ఇతర దేశాలకూ పాకింది.

పైకి చెబితే ఏమవుతుంది?

‘ప్రోగ్రాము రాయడం ఏకాగ్రతతో చేయవలసిన పని కదా! పదిమంది చుట్టూ చేరితే సాగుతుందా?’ అని మీకు సందేహం రావచ్చు. సహేతుకమైన సందేహమే. దీనికి జవాబు కావాలంటే, మనం నేర్చుకునేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

అమెరికాలో మిషెలిన్ చీ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1989లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. భౌతికశాస్త్రంలో యంత్రశాస్త్ర విభాగానికి చెందిన, సాధించి చూపిన లెక్కలను విద్యార్థులకు ఇచ్చి, చదువుతూ మనసులో కలిగే ఆలోచనలను పైకి చెప్పమన్నారు. తరువాత కొత్త లెక్కలు ఇచ్చి చేయమన్నారు. కొత్త లెక్కలు బాగా చేసినవారు, అంతకుముందు ఉదాహరణలు చదివేటప్పుడు ‘ఈ మెట్టు ఎందుకు వచ్చింది?’ అని తమకు తాము వివరించుకున్నవారే. అంతేకాదు, తమకు ఎక్కడ అర్థం కాలేదో కూడా వారు కచ్చితంగా గుర్తించగలిగారు. సరిగా చేయలేకపోయినవారు అలా వివరించుకున్నది తక్కువ. చదువుతున్నప్పుడు తమకు అర్థమైందనే ఎక్కువగా అనుకున్నారు!

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? ‘అర్థమైంది’ అని మనసులో అనుకోవడం నమ్మదగిన కొలమానం కాదు. పక్కవారికి చెప్పబోయినప్పుడే సందు బయటపడుతుంది. రికార్డులో ఉన్న ప్రోగ్రామును చూసి రాసినప్పుడు ఈ పరీక్ష ఎప్పుడూ జరగదు. పక్కన ఒక మనిషి కూర్చుని ‘ఈ లైను ఎందుకు?’ అని అడిగితే చాలు, తప్పకుండా జరుగుతుంది.

ఇద్దరు కలిసి ఒకే కంప్యూటరు మీద పనిచేయడాన్ని ‘జంట ప్రోగ్రామింగు’ అంటారు. 1990 దశకం చివర్లో కెంట్ బెక్ వంటివారు దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. 1999లో లారీ విలియమ్స్ అనే పరిశోధకురాలు అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీద దీన్ని పరీక్షించింది. కొందరు ఒంటరిగా, మరికొందరు జంటలుగా ప్రోగ్రాములు రాశారు. జంటలు వెచ్చించిన మొత్తం సమయం, అంటే ఇద్దరి గంటలూ కలిపితే, రెట్టింపు కాలేదు. సుమారు 15 శాతం మాత్రమే పెరిగింది. వారి ప్రోగ్రాముల్లో లోపాలు సుమారు 15 శాతం తగ్గాయి. ఒకరు టైపు చేస్తూ అక్షరాల్లో మునిగి ఉన్నప్పుడు, రెండోవారు దారిని గమనిస్తూ ఉండటమే ఇందుకు ముఖ్య కారణం.

సమావేశం ఎలా సాగుతుంది?

గదిలో ఒకే కంప్యూటరు ఉంటుంది. దాని తెర అందరికీ కనపడాలి. ప్రొజెక్టరు ఉంటే మంచిది. పెద్ద టీవీకి కలిపినా సరిపోతుంది. తెర ముందు రెండు కుర్చీలు. ఒక కుర్చీలో టైపు చేసేవారు, రెండో కుర్చీలో దారి చెప్పేవారు. వీరినే డ్రైవరు, నావిగేటరు అని కూడా అంటారు. మిగిలినవారంతా వెనుక అర్ధచంద్రాకారంగా కూర్చుంటారు.

ఐదు నిమిషాలకు ఒకసారి గంట మోగుతుంది. అప్పుడు టైపు చేసేవారు లేచి వెనుకకు వెళతారు. దారి చెప్పేవారు కీబోర్డు ముందుకు జరుగుతారు. వెనుకనుంచి కొత్తవారు వచ్చి దారి చెప్పే కుర్చీలో కూర్చుంటారు. వాక్యం మధ్యలో ఉన్నా సరే, గంట మోగితే లేవవలసిందే! దీనివల్ల ఏ ఒక్కరూ ప్రోగ్రామును తమ సొత్తుగా భావించరు. అంతకన్నా ముఖ్యంగా, వెనుక కూర్చున్నవారెవరూ నిద్రపోలేరు. తమ వంతు వచ్చేసరికి కథ ఎంతవరకు వచ్చిందో తెలిసి ఉండాలి కదా!

ఈ పద్ధతికి ‘రాందోరి’ అని పేరు. జూడోలో స్వేచ్ఛగా తలపడుతూ చేసే అభ్యాసానికి ఉన్న పేరే ఇది. ఇంకో పద్ధతిలో ఒక సభ్యుడు ముందుగా ఇంటి దగ్గర సాధన చేసి వచ్చి, అందరి ముందు సమస్యను మొదటినుంచి పరిష్కరించి చూపిస్తాడు. ఎవరికి ఏ మెట్టు అర్థం కాకపోయినా అక్కడే ఆపవచ్చు. అందరికీ అర్థమైన తరువాతే ముందుకు వెళ్లాలి.

ప్రోగ్రాము రాసే క్రమం కూడా కొంత భిన్నంగా ఉంటుంది. ముందుగా ప్రోగ్రాము రాయరు. ముందుగా పరీక్ష రాస్తారు. అంటే ‘ఈ విలువ ఇస్తే ఈ జవాబు రావాలి’ అని కంప్యూటరుకు చెబుతారు. ప్రోగ్రాము ఇంకా లేదు కాబట్టి పరీక్ష తప్పుతుంది. దీన్ని ‘ఎరుపు’ అంటారు. ఆ పరీక్ష నెగ్గడానికి సరిపడేంత మాత్రమే ప్రోగ్రాము రాస్తారు. నెగ్గితే ‘ఆకుపచ్చ’. అప్పుడు రాసినదాన్ని శుభ్రం చేసి, తరువాతి పరీక్ష రాస్తారు. ఈ క్రమానికి రూపమిచ్చి ప్రచారం చేసినవాడు కూడా కెంట్ బెక్కే.

ఇక్కడ ఒక నియమం ఉంది. ఎరుపు ఉన్నంతసేపూ ముందు కుర్చీల్లోని ఇద్దరే మాట్లాడాలి. వెనుకవారు, అడిగితే తప్ప, నోరు మెదపకూడదు. ఆకుపచ్చ రాగానే ఎవరైనా సలహా చెప్పవచ్చు. పదిమంది ఒకేసారి అరిచే గందరగోళం దీనితో తప్పుతుంది.

ఒక ఉదాహరణ: లక్షల కామాలు

మాటలతో చెబితే చాలదు. ఒక సమస్యను తీసుకుందాం. పెద్ద సంఖ్యలను మనం కామాలతో ఎలా రాస్తాం? పన్నెండు లక్షల ముప్పైనాలుగు వేల ఐదువందల అరవైఏడును 12,34,567 అని రాస్తాం. పాశ్చాత్యులు 1,234,567 అని రాస్తారు. సంఖ్యను ఇస్తే మన పద్ధతిలో కామాలు పెట్టి చూపే ప్రోగ్రాము కావాలి. చిన్న సమస్యే! బృందం దీన్ని ఎలా సాధిస్తుందో చూడండి.

మొదటి జంట అతి తేలికైన పరీక్షతో మొదలుపెడుతుంది. 7 ఇస్తే 7 రావాలి. ఇందుకు సంఖ్యను ఉన్నదున్నట్లు అక్షరాలుగా మార్చి తిరిగి ఇస్తే చాలు. ఆకుపచ్చ! 999 ఇచ్చినా అదే ప్రోగ్రాము నెగ్గుతుంది. రెండో జంట 1000 ఇస్తే 1,000 రావాలని రాస్తుంది. ఎరుపు. ‘అక్షరాల సంఖ్య మూడు దాటితే, చివరి మూడింటికి ముందు కామా పెట్టు’ అని రాస్తారు. ఆకుపచ్చ. 99,999 కూడా దానంతట అదే సరిపోతుంది. అంతా బాగుందనిపిస్తుంది.

మూడో జంట లక్ష ఇస్తుంది. 1,00,000 రావాలి. వచ్చింది 100,000! అక్కడ గదిలో చర్చ మొదలవుతుంది. చివరి మూడు అంకెలను విడదీయాలి. మిగిలినవాటిని రెండేసి చొప్పున విడదీయాలి. సరే, మిగిలినవి 100. ఎడమనుంచి రెండేసి తీస్తే 10, 0 అవుతాయి. అప్పుడు వచ్చే జవాబు 10,0,000. తప్పు! కుడినుంచి తీయాలి. అప్పుడు 00, 1 వస్తాయి. జవాబు 1,00,000. చిన్నప్పుడు ఒకట్లు, పదులు, వందలు అని కుడినుంచే ఎందుకు లెక్కపెట్టామో ఇప్పుడు మళ్లీ అర్థమవుతుంది. 12,34,567, కోటి అంటే 1,00,00,000 కూడా సరిగ్గా వస్తాయి.

పని అయిపోయిందనుకుంటారు. ఇంతలో అప్పటిదాకా మాట్లాడని ఒక విద్యార్థిని వంతు వచ్చి, దారి చెప్పే కుర్చీలో కూర్చుని, ‘మరి నష్టం వస్తే?’ అని అడుగుతుందనుకోండి. అంటే రుణ సంఖ్య. మైనస్ 100 ఇచ్చి చూస్తారు. జవాబుగా మైనస్ గుర్తు, వెంటనే ఒక కామా, ఆ తరువాత 100 వస్తాయి! ఎందుకు? మైనస్ గుర్తును కూడా కంప్యూటరు ఒక అక్షరంగా లెక్కించింది. మొత్తం నాలుగు అక్షరాలు, మూడు దాటాయి, కాబట్టి కామా పెట్టింది. తప్పు కంప్యూటరుది కాదు. ‘అక్షరం’, ‘అంకె’ ఒకటేనని మనం అనుకున్నాం. ఆ అనుకోవడం ఇప్పుడు బయటపడింది.

ఈ చిన్న సమస్యలో ఎన్ని విషయాలు దాగి ఉన్నాయో చూశారా! సంఖ్యకూ దాని రాతకూ ఉన్న తేడా, దిశ ప్రాముఖ్యం, అంచుల దగ్గరి విలువలను పరీక్షించవలసిన అవసరం, ఇవన్నీ గంటన్నరలో అనుభవంలోకి వచ్చాయి. ఇదే ప్రోగ్రామును రికార్డులో చూసి రాసి ఉంటే పది నిమిషాలు పట్టేది. అందులో మైనస్ 100 ఊసే వచ్చి ఉండేది కాదు.

రాసినది చెరిపెయ్యాలా?

దోజోలో రాసిన ప్రోగ్రామును సాధారణంగా దాచుకోరు. వచ్చేవారం అదే సమస్యను మళ్లీ మొదటినుంచి రాయవచ్చు. ఇది చాలామందికి మింగుడుపడదు. ‘కష్టపడి రాసినదాన్ని పారేయడమేమిటి?’ అంటారు. ముగ్గు వేసిన చేతికి మరునాడు మళ్లీ ముగ్గు వేయడం కష్టం కాదు. ముగ్గు చెరిగిపోయినా చేతిలో వాటం మిగులుతుంది. ఇక్కడ కావలసిందీ ఆ వాటమే.

ఈ సూత్రాన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లిన సమావేశం ‘కోడ్ రిట్రీట్’. మొదటిది 2009 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్‌లో జరిగింది. కోరీ హేన్స్, మరికొందరు ప్రోగ్రామర్లు దీన్ని రూపొందించారు. ఇది ఒకరోజు కార్యక్రమం. ఇందులో తెర ముందు ఒక జంట కాక, గదిలో ఉన్నవారంతా జంటలుగా విడిపోయి ఎవరి కంప్యూటరు మీద వారు రాస్తారు. 45 నిమిషాల చొప్పున ఐదారు విడతలు. ప్రతి విడతలోనూ సమస్య ఒకటే, జంట మాత్రం మారుతుంది. విడత పూర్తికాగానే రాసినదంతా చెరిపేయాలి! 2011 నుంచి ఏటా ఒక రోజును ఎంచుకుని, వివిధ దేశాల నగరాల్లో ఏకకాలంలో ఈ కార్యక్రమం జరుపుతున్నారు.

అక్కడ సాధారణంగా తీసుకునే సమస్య ‘జీవన క్రీడ’. ఇంగ్లండుకు చెందిన గణితవేత్త జాన్ కాన్వే (1937-2020) దీన్ని సృష్టించాడు. 1970 అక్టోబరు ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. గళ్ల కాగితం మీద ప్రతి గడీకి చుట్టూ ఎనిమిది పొరుగు గళ్లు ఉంటాయి. సజీవమైన గడికి రెండు లేదా మూడు సజీవమైన పొరుగులు ఉంటే అది తరువాతి తరంలోనూ బతుకుతుంది, లేకపోతే చనిపోతుంది. నిర్జీవమైన గడికి సరిగ్గా మూడు సజీవమైన పొరుగులుంటే అది ప్రాణం పోసుకుంటుంది. నియమాలు ఇంతే. 45 నిమిషాల్లో దీన్ని పూర్తి చేయలేకపోయినా ఫరవాలేదు. పూర్తి చేయాలన్న ఆత్రుత లేకపోతేనే ఎలా రాస్తున్నామన్న దానిమీద దృష్టి నిలుస్తుంది.

కొన్ని విడతల్లో అదనపు నిబంధనలు పెడతారు. ‘ఈసారి షరతు వాక్యం వాడకూడదు’, ‘ఈసారి ఇద్దరూ మాట్లాడుకోకూడదు’ వంటివి. మన అవధానాల్లో నిషిద్ధాక్షరి ఉంటుంది కదా! అవధాని వేయబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. అవధాని మరో దారి వెతుక్కుంటాడు. అలవాటైన దారి మూసినప్పుడే కొత్త దారులు కనిపిస్తాయి. రెండుచోట్లా సూత్రం ఒకటే.

తెలుగు భాషే ఒక సమస్యల గని

సమస్యల కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. ‘స్త్రీ’ అనే మాటలో ఎన్ని అక్షరాలు? మీ చెల్లెలిని అడిగితే ఒకటే అంటుంది. పైథాన్ భాషలో ఈ మాట పొడవు అడిగి చూడండి. 6 అని జవాబిస్తుంది! ప్రపంచ భాషల లిపులన్నిటికీ సంకేత సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు ఉన్నాయి. హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా ఉంటాయి. కాబట్టి ‘స్త్రీ’ కంప్యూటరు లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అనే ఆరు సంకేతాల వరుస. ‘అమ్మ’కు నాలుగు, ‘తెలుగు’కు ఆరు.

మరి మనం పలికే పద్ధతిలో అక్షరాలు లెక్కించే ప్రోగ్రాము ఎలా రాయాలి? ఇది ఒక సాయంత్రానికి సరిపడే సమస్య. అది అయ్యాక, ఒక మాటను వెనుకనుంచి ముందుకు తిప్పి రాయడం మరో సాయంత్రానికి. సంకేతాలను తిప్పితే ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి, అక్షరాలను తిప్పాలి. ఛందస్సు తెలిసిన మిత్రుడుంటే గురువు, లఘువు గుర్తించే ప్రోగ్రామూ రాయవచ్చు. అప్పుడు తెలుగు సాహిత్యం చదివే విద్యార్థికి కూడా మీ గదిలో స్థానం ఉంటుంది. ఆ రోజు అసలు నిపుణుడు ఆ విద్యార్థే!

యంత్రమే రాస్తుంటే మనకెందుకు?

ఇక్కడ మరో ప్రశ్న రాకమానదు. 2022 నవంబరులో ‘చాట్‌జీపీటీ’ వచ్చినప్పటినుంచి, అడిగితే ప్రోగ్రాము రాసిచ్చే సాధనాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. లక్షల కామాల ప్రోగ్రామును కూడా అవి క్షణాల్లో రాసివ్వగలవు. మరి ఈ సాధన దేనికి?

ఎవరు రాసినా, రాసినది సరైనదో కాదో తేల్చవలసింది మనమే. మైనస్ 100 ఇచ్చి చూడాలని తోచినవారికే ఆ పని చేతనవుతుంది. అది తోచడానికి, అటువంటి పొరపాట్లు ఎక్కడ పుడతాయో సొంత చేతులతో అనుభవించి ఉండాలి. కాబట్టి సమావేశంలో మొదటి గంటన్నర ఆ సాధనాలను పక్కన పెట్టండి. చివరి పావుగంటలో వాటిని పదకొండో సభ్యుడిగా పిలవండి. అదే సమస్య ఇచ్చి, అవి రాసినదాన్ని మీరు రాసిన పరీక్షలకు గురిచేయండి. నెగ్గితే ఎలా నెగ్గిందో చదవండి. ఓడితే ఎక్కడ ఓడిందో చెప్పండి. మీ పరీక్షలకు అప్పుడు మరింత విలువ వస్తుంది.

ఎక్కడ దెబ్బ తింటాయి?

ఇటువంటి బృందాలు ఉత్సాహంగా మొదలై కొద్ది వారాలకే ఆగిపోయే ప్రమాదముంది. కారణాలు ముందే తెలిస్తే జాగ్రత్తపడవచ్చు.

మొదటిది, ఒక్కరే అంతా చేసేయడం. ప్రతి బృందంలోనూ చురుకైనవారు ఒకరుంటారు. వారు జవాబు చెప్పేస్తే మిగిలినవారికి మిగిలేది ప్రేక్షక పాత్రే. గంట, కుర్చీల నియమం ఇందుకే ఉన్నాయి. బాగా తెలిసినవారికి ఒక ప్రత్యేక నిబంధన పెట్టండి: వారు జవాబు చెప్పకూడదు, ప్రశ్న మాత్రమే అడగవచ్చు.

రెండోది, పెద్ద సమస్య తీసుకోవడం. కాలేజీకి వెబ్‌సైటు, గ్రంథాలయానికి సాఫ్ట్‌వేరు వంటివి మంచి పనులే. కాని అవి ప్రాజెక్టులు. గడువు, బాధ్యత వచ్చినచోట సాధన ఆగిపోతుంది. రెండు నిమిషాల్లో వివరించగలిగిన సమస్యనే ఎంచుకోండి.

మూడోది, సమావేశం ఉపన్యాసంగా మారిపోవడం. అధ్యాపకులను ఆహ్వానించండి, కాని వారు కూడా తమ వంతు వచ్చినప్పుడు కీబోర్డు ముందు కూర్చోవాలి. మాస్టారు కూడా పరీక్ష తప్పడం చూసిన విద్యార్థికి తప్పంటే భయం పోతుంది.

నాలుగోది, వేళ. సాయంత్రం ఆరు తరువాత పెడితే హాస్టలు గేట్లు, ఊళ్లకు వెళ్లే ఆఖరి బస్సులు అడ్డొస్తాయి. అమ్మాయిలు, దూరం నుంచి వచ్చేవారు ముందుగా తప్పుకుంటారు. మీ బృందంలో ఎవరెవరు లేరో చూడండి. కారణం ఆసక్తి లేకపోవడం కాదు, గడియారం అయి ఉండవచ్చు. తరగతులు ముగిసిన వెంటనే పెట్టడం, లేదా ఆదివారం పగలు పెట్టడం మేలు.

ఐదోది, భాష. ప్రోగ్రామింగు భాషలోని మాటలు ఇంగ్లీషువే కావచ్చు. వాటి గురించిన ఆలోచన ఏ భాషలోనైనా సాగవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు ఇంగ్లీషులో ప్రశ్న అడగలేక మౌనంగా ఉండిపోతే, పోయేది ఒక మంచి ప్రశ్న. తెలుగులోనే మాట్లాడుకోండి.

మొదటి సమావేశానికి కార్యక్రమం

సభ్యులు ఎనిమిది నుంచి పన్నెండుమంది ఉంటే చాలు. అంతకు మించితే వంతు రావడానికి చాలాసేపు పడుతుంది. రెండు గదుల్లో రెండు బృందాలు చేసుకోండి. నలుగురే వచ్చినా సమావేశం రద్దు చేయవద్దు.

ముందురోజు: గదికి అనుమతి తీసుకోండి. కాలేజీ లాబ్, పాఠశాల తరగతి గది, గ్రంథాలయంలోని గది, ఏదైనా సరే. కంప్యూటరులో ప్రోగ్రామింగు భాష, పరీక్షలు నడిపే ఏర్పాటు పనిచేస్తున్నాయో లేదో చూడండి. కరెంటు పోయే అవకాశముంటే బ్యాటరీ నిండుగా ఉన్న లాప్‌టాప్ వాడండి. తెర మీది అక్షరాలు చివరి వరుసకు కూడా కనపడేంత పెద్దవిగా పెట్టండి.

మొదటి 10 నిమిషాలు: పేర్లు చెప్పుకోవడం, నియమాల వివరణ.

తరువాతి 10 నిమిషాలు: సమస్యను చదివి, ఏయే పరీక్షలు కావాలో నల్లబల్ల మీద జాబితా రాయడం.

తరువాతి 70 నిమిషాలు: ఐదేసి నిమిషాల చొప్పున 14 వంతులు. ఒకరు గంట మోగించే బాధ్యత తీసుకోవాలి. వంతు మారినప్పుడల్లా ఆ బాధ్యత కూడా చేతులు మారవచ్చు.

తరువాతి 15 నిమిషాలు: యంత్రం రాసిన ప్రోగ్రామును మీ పరీక్షలతో పోల్చడం.

చివరి 15 నిమిషాలు: ఇది వదిలివేయకూడని భాగం. ప్రతి ఒక్కరూ రెండు మాటలు చెప్పాలి. ఈరోజు కొత్తగా ఏం తెలిసింది? వచ్చేసారి ఏం మార్చాలి? ఇవి ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. ప్రోగ్రామును చెరిపేయండి, నోటుపుస్తకాన్ని మాత్రం భద్రంగా దాచండి. లేచేముందు వచ్చే సమావేశం తేదీ, గంట మోగించేవారి పేరు నిర్ణయించండి. నిర్వాహకులు ప్రతిసారీ మారితే, ఒకరు పరీక్షలకో, ఉద్యోగానికో వెళ్లిపోయినా బృందం నిలుస్తుంది.

కంప్యూటరు దొరకని పాఠశాలలో కూడా ఇది సాధ్యమే. నల్లబల్ల మీద ప్రోగ్రాము రాసి, ఒక విద్యార్థిని కంప్యూటరుగా నిలబెట్టండి. రాసిన ఆజ్ఞలను ఆ విద్యార్థి అక్షరాలా పాటించాలి. సొంత తెలివి వాడకూడదు. 100 నుంచి రెండేసి అంకెలు ఎడమనుంచి తీయమంటే ఎడమనుంచే తీయాలి. తప్పు ఎక్కడుందో తరగతి మొత్తానికీ కనిపిస్తుంది.

ప్రపంచ స్థాయి కళాశాల ప్రోగ్రామింగు పోటీ అయిన ఐసీపీసీలో జట్టుకు ముగ్గురు సభ్యులు, ఐదు గంటల సమయం, ఒకే ఒక కంప్యూటరు ఉంటాయి. అక్కడ రాణించడానికి ఎంత తెలుసో అన్నది ఎంత ముఖ్యమో, తెలిసినది పక్కవారికి ఎంత స్పష్టంగా చెప్పగలరో అన్నదీ అంతే ముఖ్యం. రేపు మీరు చేరబోయే ఉద్యోగంలోనూ ప్రోగ్రామును ఒంటరిగా రాసి, ఒంటరిగా వాడుకోరు. మీరు రాసినదాన్ని ఇంకొకరు చదువుతారు, సరిదిద్దుతారు, ఎందుకిలా రాశారని అడుగుతారు.

లక్షల కామాల సమస్యను పూర్తిగా చెప్పేశామని నిరాశపడకండి. అందులో ఇంకా తేలనివి ఉన్నాయి. 1234567.5 ఇస్తే ఏం రావాలి? సంఖ్యకు బదులు ఖాళీ ఇస్తే? వంద కోట్లు దాటితే కామాలు ఎక్కడ పెట్టాలని మీ బృందం నిర్ణయిస్తుంది? ఈ ఆదివారం ముగ్గురు మిత్రులను పిలిచి, ముందుగా పరీక్షల జాబితా రాయండి.